ధనదిబ్బల నుంచి రాంబిల్లి వరకు: ఏటికొప్పాక పరిసరాలలో భూగర్భ వదంతుల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాడుపడిన కట్టడాల అడుగున, కొండల గర్భంలో రహస్యమైనదేదో ఉందన్న మాట తెలుగునేలపై చాలా పాతది. నిధి, సొరంగం, రహస్య సైనిక స్థావరం – కాలాన్నిబట్టి ఆ రహస్యం రూపం మారుతూ వచ్చింది. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక పరిసరాలు ఈ పరిణామాన్ని పరిశీలించడానికి అనువైన ప్రాంతం. ఒకవైపు కొత్తూరు ధనదిబ్బలు, శంకరం బొజ్జన్నకొండ వంటి బౌద్ధక్షేత్రాలు, మరొకవైపు రాంబిల్లి తీరాన నిర్మాణంలో ఉన్న నౌకాదళ స్థావరం ఇక్కడ సమీపంలోనే ఉన్నాయి. భూగర్భ వదంతులు ఏ సాంస్కృతిక నమూనాల నుంచి పుట్టాయి, ఏ చారిత్రక సందర్భాలలో బలపడ్డాయి, వాటిని పరీక్షించడం ఎలా, అవి దేనిని కనబడకుండా చేస్తున్నాయి అన్న అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: వదంతి, ఐతిహ్యం, గుప్తనిధులు, సొరంగం, ధనదిబ్బలు, బొజ్జన్నకొండ, రాంబిల్లి, నిర్వాసితులు.

1. ఉపోద్ఘాతం

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున, యలమంచిలి మండలంలో ఉన్న గ్రామం. అంకుడు కర్రను తరిణెపై తిప్పి లక్కరంగులద్దే బొమ్మల వల్ల ఈ ఊరి పేరు దేశమంతటా తెలుసు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. యలమంచిలికి పొరుగునే ఉన్న రాంబిల్లి మండలంలోని కొత్తూరులో బౌద్ధ శిథిలాలున్న ధనదిబ్బలు ఉన్నాయి. అదే మండలపు సముద్రతీరంలో భారత నౌకాదళం ఒక స్థావరాన్ని నిర్మిస్తున్నది. అణుజలాంతర్గాములను కొండ గర్భంలో నిలిపే ఏర్పాట్లు అందులో భాగమని పత్రికలు అనేక సంవత్సరాలుగా రాస్తూ వస్తున్నాయి.

ఈ విధంగా ఒకే మండలంలో రెండు రకాల ‘భూగర్భాలు’ కనిపిస్తాయి. మొదటిదాని అడుగున ధనం ఉందని ఊరి పేర్లే చెబుతున్నాయి. రెండవదాని అడుగున ఆయుధం ఉంటుందని వార్తలు చెబుతున్నాయి. మొదటిది ఐతిహ్యం, రెండవది వార్త అని వీటిని విడదీయడం సులభమే. అయితే పాడుపడిన స్థలాన్ని చూసినప్పుడు దాని అడుగున ఏముందని అడిగే అలవాటు రెండింటికీ సమానం. ఆ అలవాటు చరిత్రను అనుసరిస్తే, ప్రజలకూ రాజ్యానికీ మధ్య, ప్రజలకూ తమ గతానికీ మధ్య ఉన్న సంబంధం కొంత తెలిసివస్తుంది.

2. వదంతి – చరిత్రరచనలో దాని స్థానం

వదంతి, కింవదంతి, జనశ్రుతి, పుకారు, గాలివార్త – తెలుగులో ఈ పదాలన్నీ దాదాపు ఒకే అర్థంలో వాడుకలో ఉన్నా, వాటి ఛాయలు వేరు. జనశ్రుతిలో కొంత గౌరవం ఉంది. గాలివార్తలో చులకన ఉంది. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెత వదంతికి అనుకూలంగా సాక్ష్యం చెబుతుంది. పొగకు కారణమైన నిప్పు ఏమిటో మాత్రం ఆ సామెత చెప్పదు. కొండ కింద సొరంగం ఉందన్న మాటకు నిప్పు నిజంగా సొరంగమే కావచ్చు. ఊరు ఖాళీ అవుతుందన్న భయమూ కావచ్చు.

చరిత్రకారులు చాలాకాలం వదంతిని వడగట్టి పారవేయవలసిన మలినంగా చూశారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా పనిచేసిన ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ 1921లో ప్రచురించిన వ్యాసంలో యుద్ధకాలపు తప్పుడు వార్తలను అధ్యయనవస్తువుగా స్వీకరించాడు. సమాజంలో అప్పటికే ఉన్న భయాలు, నమ్మకాలు అనుకూలించినప్పుడే తప్పుడు వార్త వ్యాపిస్తుందని ఆయన ప్రతిపాదన. జార్జ్ లెఫెవ్ర్ 1932లో, 1789 నాటి ఫ్రెంచి గ్రామసీమల ‘మహాభయం’పై రాసిన గ్రంథంలో వదంతి ఏ దారుల వెంట ఎలా ప్రయాణించిందో చూపాడు. భారతదేశ సందర్భంలో రణజిత్ గుహ 1983లో వెలువరించిన రైతు తిరుగుబాట్ల అధ్యయనం, చదువురాని సమాజాలలో వదంతి తిరుగుబాటుకు వాహకంగా పనిచేసిన తీరును విశ్లేషించింది.

అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞులు ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ 1947లో ఒక సూత్రం చెప్పారు. విషయం వినేవారికి ముఖ్యమైనదై, దాని గురించిన సమాచారం అస్పష్టంగా ఉన్నప్పుడు వదంతి బలపడుతుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి శూన్యమైనా అది పుట్టదు. 1966లో షిబుతాని మరొక మెట్టు ఎక్కి, అధికారిక వార్త అందని చోట ప్రజలు కలిసి కూర్చుకునే వార్తగా వదంతిని నిర్వచించాడు. ఈ నిర్వచనాల ప్రకారం వదంతి నిజమా అబద్ధమా అన్నది రెండవ ప్రశ్న. సమాచారం ఎక్కడ ఆగింది, అది ఎవరికి అవసరం అన్నవి మొదటి ప్రశ్నలు.

ఐతిహ్యం, వదంతి ఒకటి కావని కూడా గుర్తించాలి. ఐతిహ్యం గతాన్ని గురించి చెబుతుంది. స్థలాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. వదంతి వర్తమానాన్ని గురించి చెబుతుంది. మనుషుల వెంట తిరుగుతుంది. భూగర్భానికి సంబంధించిన మాటలలో ఈ రెండూ కలిసిపోతాయి. పాత ఐతిహ్యం వేసిన దారిలో కొత్త వదంతి నడుస్తుంది.

3. భూగర్భం – ఇతిహాసాలు అందించిన నమూనాలు

తెలుగువారి ఊహలో భూగర్భానికి రెండు ప్రధాన నమూనాలు ఇతిహాసాల నుంచి వచ్చాయి. మొదటిది రామాయణం కిష్కింధాకాండలోని స్వయంప్రభ బిలం. సీతను వెదుకుతూ దప్పికతో అలమటించిన వానరులు ఒక చీకటి బిలంలో ప్రవేశిస్తారు. లోపల మయుడు నిర్మించిన బంగారు భవనాలు, వనాలు కనబడతాయి. పైన ఎండిన నేల, కింద తరగని సంపద – ఇది నిధి నమూనా. లంకెబిందెల కథలన్నిటికీ వెనుక ఉన్న ఊహ ఇదే.

రెండవది భారతం ఆదిపర్వంలోని లక్కయింటి కథ. వారణావతంలో పాండవులను దహించడానికి దుర్యోధనుడు లక్కయిల్లు కట్టిస్తాడు. విదురుడు పంపిన ఖనకుడు రహస్యంగా సొరంగం తవ్వుతాడు. పాండవులు ఆ దారిన తప్పించుకుంటారు. ఇది రహస్యమార్గపు నమూనా. స్వభావరీత్యా రాజకీయమైనది, సైనికమైనది. తవ్వేవాడు నిపుణుడు, తవ్వకం రాజ్యానికి తెలియరాదు, బయటివారికి పైన కనబడేది వేరు. నన్నయ నాటి నుంచి తెలుగులో చదివిన, విన్న ఈ కథ తరువాతి సొరంగ కథలకు చట్రమైంది. కౌటిలీయ అర్థశాస్త్రంలో సురంగ శబ్దం ఉంది. అది ‘సిరింక్స్’ అనే గ్రీకుపదం నుంచి వచ్చిందని ఒట్టో స్టైన్ వంటి పండితులు వాదించారు. ఆ వాదం ఎలా ఉన్నా, మన ప్రాచీన రాజనీతి గ్రంథాలలోనే సొరంగం కోట ముట్టడికీ, రాజు పలాయనానికీ సాధనంగా కనిపిస్తుంది.

ఈ నమూనాలు కేవలం కథలలో మిగిలిపోలేదు. గోలకొండ కోట నుంచి చార్మినారుకు సొరంగం ఉందన్న మాట హైదరాబాదులో తరతరాలుగా వినబడుతున్నది. పల్నాటి వీరగాథా సంప్రదాయంలో యుద్ధానంతరం బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలో ప్రవేశించాడంటారు. అదే బిలం 1969లో చారు మజుందార్ ఆంధ్ర విప్లవకారులతో జరిపిన రహస్య సమావేశానికి వేదికైంది. ఐతిహ్యం రహస్యస్థలంగా చెప్పిన చోటును ఆధునిక రాజకీయం రహస్యస్థలంగానే వాడుకున్నది. ఇటువంటి సందర్భాలు వదంతికి కొత్త బలాన్నిస్తాయి.

పాడుపడిన గుహలకు, రాతి సమాధులకు పాండవుల పేరు పెట్టడం దేశమంతటా కనిపించే ఆచారం. కొత్తూరు ధనదిబ్బల వద్ద ఉన్న తొలిచిన గుహలను కూడా పాండవుల గుహలనే పిలుస్తారు. బౌద్ధభిక్షువులు నివసించిన గుహలు జనస్మృతిలో పాండవుల అజ్ఞాతవాస స్థలాలైనాయి. వాటి కర్తలు మరపున పడ్డారు. దాగి ఉండడమన్న లక్షణం మాత్రం నిలిచింది.

4. పేరు చేసిన పని: ధనదిబ్బలు, బొజ్జన్నకొండ

‘ధనదిబ్బలు’ అన్న పేరులోనే ఒక వదంతి ఇమిడి ఉంది. ఇటుకల దిబ్బ కనబడుతున్నది. కట్టినవారెవరో తెలియదు. ఇంత కష్టపడి కట్టినవారు లోపల విలువైనదేదో దాచి ఉండాలన్నది సహజమైన ఊహ. ఈ ఊహ పూర్తిగా నిరాధారం కూడా కాదు. స్తూపం అంటేనే ధాతువులను పదిలపరచిన కట్టడం. స్తూపగర్భంలో ధాతుకరండాన్ని, ఒక్కొక్కచోట బంగారు పూలను, మణిపూసలను ఉంచడం బౌద్ధసంప్రదాయం. లోపల ఏదో ఉందన్నంత వరకు ఊరి మాట సరైనదే. ఆ ‘ఏదో’ ఎందుకు విలువైనదన్న చోట పురావస్తుశాస్త్రానికీ, నిధివేటకూ దారులు వేరుపడతాయి.

అనకాపల్లి సమీపంలోని శంకరం గ్రామం వద్ద ఉన్న బొజ్జన్నకొండ, లింగాలకొండలది ఇదే కథ. సంఘారామం అన్న పేరే శంకరంగా మారిందని, బుద్ధుని పేరు బొజ్జన్నగా నిలిచిందని పండితుల అభిప్రాయం. లింగాలకొండపై రాతిని తొలిచి వరుసలుగా మలచిన ఏకశిలా స్తూపాలు శివలింగాలుగా జనం కంటికి కనిపించాయి. అలెగ్జాండర్ రే 1907–08లో ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. సముద్రగుప్తుని బంగారు నాణెం, విషమసిద్ధి బిరుదున్న కుబ్జవిష్ణువర్ధనుని రాగినాణేలు, శాతవాహనులదిగా భావించే సీసపు నాణెం దొరికాయి. ఈ నాణేల వెల కంటే అవి చెప్పే కాలక్రమం ముఖ్యం. ఒక బౌద్ధక్షేత్రం ఏయే రాజవంశాల కాలంలో సజీవంగా ఉన్నదో అవి సూచిస్తున్నాయి. ఏ నాణెం ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్న సమాచారం లేకపోతే అది లోహపుముక్క మాత్రమే.

బొజ్జన్నకొండ వద్ద కనుమ పండుగనాడు జనం గుమికూడి, అక్కడి ఒక ఆకృతిని రాక్షసుని పొట్టగా భావించి రాళ్ళు రువ్వే ఆచారం ఇటీవలి కాలం వరకు ఉండేది. వారసత్వ పరిరక్షణకు పూనుకున్నవారు ప్రచారం చేసిన తరువాత అది తగ్గుముఖం పట్టింది. ఒక స్థలాన్ని గురించిన ప్రచారంలో ఉన్న కథ మారితే, ఆ స్థలం పట్ల మనుషుల చేత కూడా మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

గుప్తనిధుల వదంతి వల్ల కలిగే నష్టం ఊహామాత్రం కాదు. అంజనం వేయడం, పూజలు చేయడం, రాత్రివేళ గునపాలతో తవ్వడం తెలుగు రాష్ట్రాలలో పత్రికలు తరచుగా నివేదించే నేరం. పాడుపడిన గుడులలో నంది విగ్రహాలను పగలగొట్టడం అందులో సర్వసాధారణమైన ఘటన. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువగల నిధిని కలెక్టరుకు తెలియపరచాలి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ రక్షిత కట్టడం చుట్టూ నూరు మీటర్ల మేర నిషిద్ధప్రాంతాన్ని, ఆపై రెండువందల మీటర్ల మేర నియంత్రిత ప్రాంతాన్ని ఏర్పరచింది. శిక్షను రెండేళ్ళ జైలు వరకు పెంచింది. అయినప్పటికీ కాపలా లేని దిబ్బకు వదంతే పెద్ద శత్రువు. తవ్వినవానికి ఏమీ దొరకకపోయినా స్తూపం పోతుంది, పొరలు కలిసిపోతాయి.

5. యుద్ధం తెచ్చిన మార్పు: 1942 నుంచి 1971 వరకు

నిధి స్థానంలో ఆయుధం చేరడం ఆధునిక పరిణామం. ఈ తీరానికి సంబంధించినంత వరకు ఆ మార్పుకు ప్రారంభం రెండవ ప్రపంచయుద్ధంలో ఉంది. విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. తొమ్మిదేళ్ళు గడవకముందే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నంపై, కాకినాడపై బాంబులు వేశాయి. ప్రాణనష్టం స్వల్పమే అయినా భయం స్వల్పం కాదు. ఆ నెలలోనే మద్రాసు నగరం నుంచి ప్రభుత్వ కార్యాలయాలు లోపలి జిల్లాలకు తరలాయి. జనం ఊళ్ళు విడిచారు. ఆ ఏడాది దేశమంతటా వ్యాపించిన ఈ వణుకును, వదంతులను చరిత్రకారుడు ఇందీవర్ కాంతేకర్ ప్రత్యేకంగా అధ్యయనం చేశాడు. వార్తలపై యుద్ధకాలపు ఆంక్షలు ఉండడం వల్ల ప్రజలు అధికారిక ప్రకటన కంటే రైల్లో వచ్చినవాడి మాటనే నమ్మారు.

ఆనాటి సైనిక నిర్మాణాల అవశేషాలు ఇప్పటికీ తీరంలో ఉన్నాయి. విశాఖ సముద్రతీరాన ఇసుకలో కూరుకుపోయి, అలల కోతకు మళ్ళీ బయటపడిన పిల్‌బాక్స్ అనే కాంక్రీటు కాపలాగది అందుకు సాక్ష్యం. ఇటువంటి కట్టడానికి వాడుక పోయి, కట్టినవారు వెళ్ళిపోయి, లెక్కలో లేకుండా మిగిలిపోయినప్పుడు అది ధనదిబ్బ స్థితికే చేరుతుంది. దాని గోడలు కనబడతాయి, కారణం కనబడదు.

1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడడంతో విశాఖ శాశ్వతంగా నౌకాదళ నగరమైంది. 1971 డిసెంబరు 3–4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి చేరువలో మునిగిపోయింది. భారత నౌకాదళం తన చర్యవల్లనే అది మునిగిందని చెప్పింది. లోపలి ప్రమాదం వల్ల మునిగిందని పాకిస్తాను పక్షం చెప్పింది. ఈ వివాదం సైనిక చరిత్రకారుల మధ్య నేటికీ కొనసాగుతున్నది. సముద్రం అడుగున జరిగినదానికి సామాన్యుడు సాక్షి కాలేడన్న అనుభవం ఈ తీరవాసులకు అప్పుడే కలిగింది. ఆ తరువాత 2002 నుంచి విశాఖ రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలగా నిలిచి, లోపలికి వెళ్ళి చూసే వీలు కల్పించింది. చూడగలిగిన జలాంతర్గామి గురించి వదంతులు పుట్టవు.

6. రాంబిల్లి: గోప్యత, భూమి, మాట

అణుజలాంతర్గామి విషయంలో పరిస్థితి వేరు. అరిహంత్ విశాఖలో 2009 జూలై 26న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ సమక్షంలో జలప్రవేశం చేసింది. 2016లో అది నౌకాదళంలో చేరినప్పుడు మాత్రం బహిరంగ కార్యక్రమం లేదు. 2018 నవంబరులో అది మొదటి నిరోధక గస్తీ పూర్తిచేసినట్లు ప్రభుత్వం ప్రకటించింది. 2024 ఆగస్టు 29న అరిఘాత్ విశాఖలోనే విధుల్లో చేరింది. ఇలా ఒకసారి ఆర్భాటంగా, ఒకసారి మౌనంగా సాగే ప్రకటనల మధ్య విశాఖకు దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో రాంబిల్లి స్థావరం రూపుదిద్దుకుంటున్నది. వర్ష పథకంగా పత్రికలకెక్కిన ఈ నిర్మాణంలో కొండలోకి తొలిచిన సొరంగాలు ఉంటాయని రక్షణరంగ విశ్లేషకులు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా రాశారు. సమీపంలోని అచ్యుతాపురం వద్ద భాభా అణుపరిశోధన కేంద్రం ప్రాంగణం కూడా రావడంతో, తీరప్రాంతపు మాటలో ఈ రెండూ కలిసిపోవడం ఆశ్చర్యం కాదు.

కొండ గర్భంలో జలాంతర్గాములను దాచడం ప్రపంచంలో కొత్త కాదు. స్వీడన్‌లోని ముస్కో స్థావరం 1969 నాటికి రాతిలో పూర్తయింది. క్రిమియాలోని బలక్లావాలో సోవియట్ కాలంలో కొండను తొలిచి నిర్మించిన జలాంతర్గామి స్థావరం ఇప్పుడు ప్రదర్శనశాల. చైనాలోని హైనాన్ దీవిలో సొరంగద్వారాలను చూపే ఉపగ్రహ చిత్రాలు 2008లో ప్రపంచ పత్రికలలో వచ్చాయి. అంటే రాంబిల్లి విషయంలో ‘కొండ కింద ఏదో ఉంది’ అన్న మాట నిధి కథల వంటిది కాదు. దానికి ప్రపంచానుభవంలో ఆధారం ఉంది. ఇక్కడ వదంతి పనిచేసే చోటు వేరు. ఏది రహస్యం, ఏది రహస్యం కానక్కరలేదు అన్న సరిహద్దును అది చెరిపేస్తుంది.

స్థావరం కోసం రేవువాతాడ, పిసినిగొట్టుపాలెం వంటి తీరగ్రామాల ప్రజలు తమ స్థలాలు వదులుకోవలసి వచ్చింది. ఈ భూసేకరణ ప్రధానంగా 1894 నాటి చట్టం అమలులో ఉన్న కాలంలో మొదలైంది. పరిహారం, పునరావాస కాలనీ, కుటుంబానికొక ఉద్యోగం, చేపలవేటపై ఆంక్షలు – వీటి చుట్టూ మత్స్యకారులు పలుమార్లు ఆందోళన చేశారు. రైతుకు భూమి పట్టా ఉంటుంది. దానికి ధర కట్టవచ్చు. వలవేసే మత్స్యకారునికి సముద్రంపై పట్టా లేదు. అతడు పోగొట్టుకున్నది రేవు, వేటదారి, తెప్ప లాగే ఇసుక, తరతరాలుగా నీటి లోతు తెలిసిన జ్ఞానం. వీటిని లెక్కించే పద్ధతి 1894 చట్టంలో లేదు. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 నాటి చట్టం జీవనోపాధి కోల్పోయినవారిని కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. అయితే దేశరక్షణకు సంబంధించిన అత్యవసర సేకరణకు 40వ సెక్షన్ ద్వారా ప్రత్యేకాధికారాలను నిలిపి ఉంచింది.

2005 నాటి సమాచారహక్కు చట్టం 8వ సెక్షన్ దేశభద్రతకు హాని కలిగించే సమాచారాన్ని మినహాయించింది. సొరంగం ఎంత లోతు, ఎక్కడ మలుపు తిరుగుతుంది అన్నవి ఈ మినహాయింపులోకి వస్తాయి. రావడం సమంజసం కూడా. కానీ ఎన్ని కుటుంబాలకు పరిహారం అందింది, పునరావాస కాలనీలో మంచినీటి ఏర్పాటేమిటి, వేటనిషేధ సరిహద్దు ఎక్కడ అన్నవి రక్షణరహస్యాలు కావు. ఈ రెండో రకం సమాచారం తేటగా అందని చోట జనం మొదటి రకాన్ని ఊహించుకుంటారు. షిబుతాని చెప్పిన కూర్చుకున్న వార్త పుట్టేది ఇక్కడే.

7. వదంతిని పరీక్షించే పద్ధతి

పాడుపడిన దిబ్బ కిందో, బౌద్ధగుహ వెనుకో రహస్య సైనిక స్థావరం ఉందన్న మాట వినబడినప్పుడు దానిని కొట్టిపారేయడం కంటే పరీక్షించడం మేలు. పరీక్షకు రహస్యపత్రాలు అవసరం లేదు.

మొదటిది మట్టిలెక్క. అరిహంత్ పొడవు సుమారు 110 మీటర్లు. ఉదాహరణకు 200 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు ఉన్న ఒక బిలాన్ని ఊహిస్తే, తొలగించవలసిన రాయి 80,000 ఘనపు మీటర్లు. పగలగొట్టిన రాయి వదులై ఒకటిన్నర రెట్లు అవుతుందనుకుంటే 1,20,000 ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లకు అది 12,000 విడతల పని. ఇంత రాయి ఊరికి తెలియకుండా పోదు. నిజంగా తవ్వకం జరిగిన చోట రోడ్లు పాడవుతాయి, దుమ్ము లేస్తుంది, మందుగుండు పేలుళ్ళకు గోడలు బీటలిస్తాయి.

రెండవది నీరు, గాలి. ఈ తూర్పుకనుమల శిల ఎక్కువగా ఖోండలైట్. ఖోండు తెగ పేరుమీద 1902లో వాకర్ పెట్టిన పేరు ఇది. త్వరగా శిథిలమయ్యే స్వభావం గల రాయి. ఇందులో బిలం తొలిస్తే ఊటనీటిని నిరంతరం తోడాలి. చుట్టుపక్కల బావులలో మార్పు కనబడవచ్చు. లోపల మనుషులుంటే గాలిగొట్టాలు, విద్యుత్తు తీగలు బయటికి రావాలి.

మూడవది దారి. జలాంతర్గామికి లోతైన సముద్రం కావాలి. తీరానికి దూరంగా, నదీతీరపు దిబ్బ కింద దానిని నిలపడం సాధ్యం కాదు. ఈ మూడు పరీక్షలతో ధనదిబ్బల వంటి స్థలాల కింద ఆధునిక స్థావరం ఉందన్న ఊహ తేలిపోతుంది. ఇవే పరీక్షలు రాంబిల్లి తీరం విషయంలో పత్రికా కథనాలను బలపరుస్తాయి. పద్ధతి ఒకటే, ఫలితాలు వేరు.

ఈ సందర్భంలో పోలండు అనుభవం ఆలోచింపజేస్తుంది. గుడ్లగూబ కొండలుగా పేరుపడిన అక్కడి పర్వతాలలో 1943–45 మధ్య నాజీలు భూగర్భ సముదాయాన్ని తవ్వించారు. తవ్వినవారిలో గ్రోస్ రోజెన్ నిర్బంధ శిబిరపు ఖైదీలున్నారు. వారిలో వేలమంది మరణించారు. ఆ ప్రాంతంలోనే, వౌబ్జిక్ పట్టణ సమీపంలో నాజీల బంగారు రైలు పాతిపెట్టి ఉందని 2015లో ఇద్దరు ప్రకటించగా ప్రపంచ పత్రికలన్నీ అటు పరుగెత్తాయి. 2016 ఆగస్టులో తవ్విచూస్తే ఏమీ దొరకలేదు. నిజమైన సొరంగాలున్నాయి, వాటి వెనుక నిజమైన మరణాలున్నాయి. వార్తకెక్కింది మాత్రం లేని బంగారం. నిధి నమూనా, సైనిక నమూనా ఒకచోట కలిసినప్పుడు, తవ్వినవారినీ నష్టపోయినవారినీ వదంతి మరుగున పడవేయగలదనడానికి ఇది స్పష్టమైన నిదర్శనం.

8. ముగింపు

ఏటికొప్పాక పరిసరాల భూగర్భ వదంతులను చారిత్రక క్రమంలో పరిశీలించినప్పుడు ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• స్వయంప్రభ బిలం, లక్కయింటి సొరంగం అందించిన నిధి, రహస్యమార్గ నమూనాలే ఆధునిక సైనిక వదంతులకు పునాది. 1942 నాటి యుద్ధభయం, ఆపై నౌకాదళ విస్తరణ వాటికి కొత్త వస్తువును సమకూర్చాయి.

• ధనదిబ్బలు, పాండవుల గుహలు, లింగాలకొండ వంటి పేర్లు జనం శిథిలాలకు చెప్పుకున్న అర్థాలకు ఆధారాలు. వాటిని తప్పులుగా కొట్టివేయకుండా, బౌద్ధచరిత్రతో జోడించి ఆ గ్రామాల పాఠశాలలలోనే చెప్పగలిగితే నిధివేటగాళ్ళ నుంచి కట్టడాలకు రక్షణ దొరుకుతుంది. బొజ్జన్నకొండ కనుమ ఆచారంలో వచ్చిన మార్పు ఇందుకు భరోసా ఇస్తున్నది.

• మట్టి, నీరు, గాలి, దారి అన్న భౌతిక ప్రమాణాలతో వదంతిని ఎవరైనా పరీక్షించవచ్చు. స్థానిక చరిత్ర బోధించే అధ్యాపకులు దీనిని తరగతిగది అభ్యాసంగా మలచవచ్చు.

• రక్షణ నిర్మాణపు సాంకేతిక గోప్యత, నిర్వాసితుల పునరావాస సమాచారం రెండూ వేరు. రెండవదానిని గ్రామస్థాయిలో తెలుగులో ప్రకటించడం మొదటిదానికి భంగం కలిగించదు.

• తరలిపోయిన తీరగ్రామాల మౌఖిక చరిత్రను – రేవుల పేర్లు, వేటదారుల గుర్తులు, ఊరి దేవతల కొలువులు – ఆ ఊళ్ళలో పుట్టిపెరిగిన తరం ఉండగానే సేకరించవలసి ఉంది.

ఈ చివరి పని తక్షణమైనది. శంకరంలో సంఘారామం ఖాళీ అయిన తరువాత దాని సంగతి చెప్పేవారు లేక, స్తూపాలు లింగాలై, గుహలు పాండవులవయ్యాయి. రేవువాతాడ జ్ఞాపకం సేకరించకుండా విడిచిపెడితే, మరికొన్ని తరాల తరువాత ఆ తీరాన్ని చూసినవారు కూడా దాని అడుగున ఏముందనే అడుగుతారు. దానిపైన ఎవరుండేవారన్న ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఉండరు.